గృహహింసకు పాల్పడే పురుషులతో ముఖాముఖి కృషి

భార్యను హింసించేవానికి "సహాయం" అనే మాట వినగానే ఎవరికైనా మనస్సు చివుక్కుమంటుంది. సహాయం అందవలసింది దెబ్బలు తిన్న స్త్రీకి గాని, కొట్టినవానికి ఎందుకు? ఈ ఆక్షేపణ సహేతుకమైనదే. దీన్ని తేలికగా తోసిపుచ్చే ఏ పథకమైనా చివరకు ఆ స్త్రీకే హాని చేస్తుంది. అయితే మన విద్యాసంప్రదాయంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. బుఖారీ సంకలనంలోని ప్రసిద్ధమైన హదీసు ఒకటి పాఠకులకు విదితమే. సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి తోడ్పడవలసిందని దైవప్రవక్త (స) ఉపదేశించినప్పుడు, పీడితునికి తోడ్పడటం అర్థమవుతున్నది, పీడకునికి తోడ్పడటం ఎలాగని అనుచరులు అడిగారు. దౌర్జన్యం చేయకుండా అతన్ని నిలువరించడమే ఆ తోడ్పాటు అని సమాధానం లభించింది. ఈ హదీసును మనం రాజులకు, అధికారులకు, వడ్డీ వ్యాపారులకు అన్వయించి ఎన్నో ప్రసంగాలు చేశాము. ఇంటి తలుపు దాటి లోపలికి తీసుకువెళ్ళిన సందర్భాలు మాత్రం తక్కువ.

నిలువరించడం అంటే ఆచరణలో ఏమిటి? ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్ళు, ఏ అధికారంతో చేయాలి? ఈ ప్రశ్నలకు గత కొన్ని దశాబ్దాలలో బ్రిటన్‌లో కొంత స్పష్టమైన సమాధానం రూపొందింది. హింసకు పాల్పడిన పురుషునితో శిక్షణ పొందిన ఒక కార్యకర్త నెలల తరబడి ఒంటరిగా కూర్చుని, అతని ప్రవర్తన మార్చేందుకు కృషి చేసే పద్ధతి అది. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దారి తప్పుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. మన దగ్గర "కౌన్సెలింగ్" పేరిట, "రాజీ" పేరిట జరిగే పనికీ దీనికీ ఉన్న భేదం స్పష్టం కావడం చాలా అవసరం. ఆ భేదం తెలియనందువల్ల స్త్రీలు మళ్ళీ అదే ఇంటికి, అదే ప్రమాదానికి తిరిగి పంపబడుతున్నారు.

ముందుగా దీని పూర్వరంగం కొంత చూద్దాం. 1971లో లండన్‌లోని చిజిక్ ప్రాంతంలో, భర్తల దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన స్త్రీలకు ఒక ఆశ్రయ గృహం ఏర్పడింది. తరువాత అలాంటివి అనేకం వెలిశాయి. ఈ గృహాలు ఎందరివో ప్రాణాలు కాపాడాయి. కాని ఒక విషయం గమనించండి. ఇల్లు వదలవలసి వచ్చింది స్త్రీ, బడి మారవలసి వచ్చింది పిల్లలు. కొట్టినవాడు తన ఇంట్లో తానుండి, కొంతకాలానికి మరొక స్త్రీని తెచ్చుకునేవాడు. ఒకే పురుషుని కారణంగా ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు ముగ్గురు స్త్రీలు ఆశ్రయం వెదుక్కోవలసి వచ్చేది. "ఆమె ఎందుకు ఇల్లు వదలి రాదు?" అని అందరూ అడిగేవారే గాని, "అతడు ఎందుకు మానడు?" అని అడిగేవారు తక్కువ.

ఆ రెండవ ప్రశ్న అడిగినవారిలో ముఖ్యులు అమెరికాలోని మినసోటా రాష్ట్రం, డులూత్ పట్టణానికి చెందిన కార్యకర్తలు. 1980ల ఆరంభంలో వారు న్యాయస్థానాలు పంపిన పురుషులను బృందాలుగా కూర్చోబెట్టి వారం వారం పాఠాలు నడిపారు. హింస అంటే కేవలం దెబ్బ కాదని, డబ్బు దాచడం, పుట్టింటివారిని రానివ్వకపోవడం, బెదిరించడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం అన్నీ కలిసి ఆధిపత్యం అనే ఒకే ఇరుసు చుట్టూ తిరిగే చక్రం వంటివని వారు చూపారు. ఆ చక్రం బొమ్మ ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. బ్రిటన్‌లోనూ ఇలాంటి బృంద తరగతులు ప్రారంభమయ్యాయి. ఇంగ్లండు, వేల్స్‌లలో 2015 నాటి చట్టం ఒకటి, దెబ్బ లేకపోయినా ఇలా జీవితాన్ని బిగించి పట్టే ప్రవర్తనను నేరంగా పరిగణించింది.

అయితే బృంద తరగతికి ఒక పరిమితి ఉంది. అక్కడికి వచ్చేవాడు కొంతవరకైనా రాదలచినవాడై ఉండాలి, లేదా కోర్టు పంపినవాడై ఉండాలి. అన్నిటికంటె ప్రమాదకరమైన పురుషులు ఆ తరగతులకు రానే రారు. వారిలో కొందరు మత్తుమందులకు, తాగుడుకు బానిసలు. కొందరికి మానసిక రోగాలున్నాయి, కొందరికి నిలువ నీడ లేదు. కొందరు జైలుకు వెళ్ళివస్తూ ఉంటారు. కొందరు నలుగురిలో నోరు విప్పరు. మరికొందరు నలుగురిలోనే విజృంభించి తక్కినవారిని చెడగొడతారు. ఇటువంటి వారికోసం 2016లో ఎసెక్స్, వెస్ట్ ససెక్స్, దక్షిణ వేల్స్ అనే మూడు ప్రాంతాలలో "డ్రైవ్" అనే పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. రెస్పెక్ట్, సేఫ్ లైవ్స్, సోషల్ ఫైనాన్స్ అనే మూడు సంస్థలు దీన్ని రూపొందించాయి. తరువాత ఇది ఇతర ప్రాంతాలకు విస్తరించింది.

దీని నిర్మాణాన్ని కాస్త నిదానంగా చూడాలి. పైకి కనిపించేది ఒక కార్యకర్త, ఒక పురుషుడు. కాని ఆ గది వెనుక మరి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది, ఆ స్త్రీ పక్షాన మాత్రమే పనిచేసే వేరొక సలహాదారు. ఈమె ఆ పురుషుణ్ణి కలవదు. స్త్రీ భద్రత, ఇల్లు, డబ్బు, పిల్లలు, కోర్టు వ్యవహారాలు ఇవే ఆమె పని. రెండవది, అధికారుల సమావేశం. 2003లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పోలీసులు, ఆరోగ్య శాఖ, గృహవసతి శాఖ, పిల్లల సంక్షేమ శాఖ, స్త్రీల సంస్థలు ఒకే బల్ల చుట్టూ చేరి, ప్రాణాపాయంలో ఉన్న స్త్రీల సంగతులను ఒక్కొక్కటిగా విచారించే ఆనవాయితీ మొదలై దేశమంతటా వ్యాపించింది. డ్రైవ్ పథకం ఆ బల్ల మీద పురుషుని పేరును కూడా పెట్టింది. ఇతడు ఎక్కడుంటున్నాడు, ఎవరితో ఉంటున్నాడు, ఇంతకుముందు ఎవరిని హింసించాడు, ఇప్పుడు ఇతణ్ణి ఆపగల మార్గాలు ఏమిటి అన్నవి అక్కడ చర్చకు వస్తాయి.

పురుషుని అంగీకారం కోసం ఈ పథకం ఎదురుచూడదు. అతడు రానంటే కేసు మూసివేయరు. కార్యకర్త తెర వెనుక నుండి పనిచేస్తాడు. నిషేధాజ్ఞ ఉల్లంఘిస్తే పోలీసులు వెంటనే కదిలేటట్లు చూడటం, జైలు నుండి విడుదలయ్యే తేదీ ఆ స్త్రీ సలహాదారుకు ముందే తెలిసేటట్లు చూడటం, అతడు మరో స్త్రీ ఇంట చేరుతున్నాడంటే సంబంధిత శాఖలను హెచ్చరించడం వంటివి అందులో భాగం. వచ్చేవాడైతే తాగుడు మాన్పించే వైద్యం, ఉండటానికి గది, పని వెదకడంలో తోడ్పాటు లభిస్తాయి. ఇవి బహుమానాలు కావు. స్థిరమైన చిరునామా, స్థిరమైన మెదడు లేనివానితో మార్పు గురించి మాట్లాడటం గాలితో మాట్లాడటమే. పైగా వేరే గది దొరికినవాడు "నాకు పోవడానికి చోటు లేదు" అంటూ ఆమె గుమ్మం తట్టడానికి సాకు ఉండదు.

అతణ్ణి మొదటిసారి పలకరించే ముందు కార్యకర్త స్త్రీ సలహాదారును సంప్రదిస్తాడు. అప్రస్తుతంగా ఒక్క మాట జారినా, "నీవే వెళ్ళి చెప్పావు" అని ఆ రాత్రే ఆమె మీద పడే ప్రమాదం ఉంది కదా! అందుచేత కొన్ని సందర్భాలలో ఇంటి అద్దె విషయమో, ఆరోగ్య విషయమో ఆధారం చేసుకుని పరిచయం మొదలవుతుంది.

ఇక ఆ గదిలో ఏం జరుగుతుంది? అనువాద వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక నన్ను అన్నిటికంటె ఆకర్షించిన అంశం ఇదే. ఈ పనిలో సగం వ్యాకరణం. మన ప్రాంతంలో భార్యను కొట్టినవాడు ఎలా చెబుతాడో గుర్తుచేసుకోండి. "మాటా మాటా పెరిగింది. చెయ్యి లేచింది. ఒక దెబ్బ పడింది." ఉర్దూలోనూ ఇంతే: "హాథ్ ఉఠ్ గయా." ఈ వాక్యాలలో కర్త ఎక్కడ? మాట తానై పెరిగింది, చెయ్యి తానై లేచింది, దెబ్బ వర్షం పడినట్లు పడింది. కొట్టినవాడు వాక్యంలోనే లేడు. మరొక వాక్యం చూడండి: "మేమిద్దరం కొట్టుకున్నాం." ఇందులో కర్త ఉన్నాడు గాని ఇద్దరయ్యాడు, నేరం సగమైంది. "ఆమే నాకు కోపం తెప్పించింది" అన్నప్పుడైతే కర్త ఆమే అయిపోయింది. ఆంగ్లం మాట్లాడే పురుషులు కూడా తమ భాషకు తగిన ఇటువంటి దారులనే వెదుకుతారు. కార్యకర్త మొదటి వారాలలో చేసే పని "నేను" అనే పదాన్ని ఆ వాక్యంలోకి తిరిగి తేవడం.

అందుకు అతడు నీతిబోధ చేయడు. ప్రశ్నలు వేస్తాడు. ఉదాహరణకు ఒక సాయంత్రం జరిగిన సంఘటన అనుకుందాం. ఆ సమయంలో మీ చేతిలో టీ గ్లాసు ఉందన్నారు, దాన్ని ఎక్కడ పెట్టారు? బల్ల మీద. ఒలికిందా? లేదు. తరువాత తలుపు ఎవరు మూశారు? నేనే. ఎందుకు? పక్కింటివాళ్ళు వింటారని. పిల్లవాడు ఎక్కడున్నాడు? మంచం మీద. వాడు ఎటు చూస్తున్నాడు? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలాసేపు నిశ్శబ్దం ఏర్పడవచ్చు. గ్లాసు ఒలకకుండా పెట్టినవానికి, పొరుగువారు వింటారని తలుపు మూసినవానికి తనమీద తనకు అదుపు తప్పిందని చెప్పుకునే అవకాశం లేదు. ఆ సంగతి కార్యకర్త చెబితే వాదిస్తాడు. తన నోటనే బయటపడితే తప్పించుకోవడం కష్టం.

కోపం అణచుకోవడం నేర్పే తరగతులకూ దీనికీ ఉన్న భేదం ఇక్కడే ఉంది. పైఅధికారి అవమానించినా, బస్సులో ఎవరో కాలు తొక్కినా సహించుకునేవాడు ఇంట్లో మాత్రమే సహించలేకపోతున్నాడంటే లోపం కోపంలో లేదు. ఇంట్లో తనకు ఆ హక్కు ఉందన్న నమ్మకంలో ఉంది. కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్చినవాడు గొంతు పెంచకుండానే, చెయ్యి ఎత్తకుండానే భార్యను వణికించగలడు. తాగుడు సంగతి కూడా అంతే. తాగినప్పుడు దెబ్బ మరింత ప్రమాదకరమవుతుంది, కాబట్టి మాన్పించవలసిందే. కాని తాగుడు మానిన తరువాత కూడా ఆమె ఫోను తనిఖీ చేసేవాడు, ఆమె జీతం లాక్కునేవాడు, అడుగు బయట పెడితే లెక్క అడిగేవాడు ఎందరో ఉన్నారు.

బాల్యంలో తండ్రి తల్లిని కొట్టడం చూసి పెరిగినవారి ప్రస్తావన కూడా వస్తుంది. ఆ గాయాన్ని కార్యకర్త శ్రద్ధగానే వింటాడు. తరువాత అడుగుతాడు: అప్పుడు మీ తండ్రి గురించి మీకు ఏమనిపించేది? ఇప్పుడు మీ కొడుక్కి ఏమనిపిస్తున్నదనుకుంటారు? గతం కారణాన్ని తెలుపుతుంది, అనుమతి పత్రం ఇవ్వదు. కొన్ని చోట్ల ఆ కొడుకు స్థానంలో ఉండి ఒక ఉత్తరం రాయమంటారు. ఆ ఉత్తరాన్ని ఎవరికీ పంపరు.

నైపుణ్యాలు నేర్పడం వీటన్నిటి తరువాత వస్తుంది. ఒంట్లో వేడి పెరుగుతున్న సూచనలు గుర్తించి, ఆ స్థలం విడిచి, చెప్పిన సమయానికి తిరిగి రావడం వాటిలో ఒకటి. చూడటానికి ఎంత సులువు! కాని దీన్ని కూడా ఆయుధంగా మార్చుకునేవారున్నారు. భార్య డబ్బు విషయం అడిగినప్పుడల్లా "నాకు విరామం కావాలి, నేర్పారు" అని బయటికి పోయి అర్ధరాత్రి తిరిగివచ్చేవాడు ఆ నైపుణ్యంతో ఏం చేస్తున్నట్లు? అందుకే ఈ విరామానికి సంబంధించిన షరతులు స్త్రీ సలహాదారు ద్వారా ఆమెకు కూడా తెలియజేయబడతాయి.

ముఖాముఖి పద్ధతికి స్వతస్సిద్ధమైన ప్రమాదం ఒకటుంది. బృందంలో ఒకడు అబద్ధమాడితే అదే దారిన నడిచిన మరొకడు పట్టేస్తాడు. ఒంటరి గదిలో అలా పట్టేవాడు లేడు. కార్యకర్త కూడా మనిషే. వారం వారం కలిసే మనిషి మీద అభిమానం పుడుతుంది. "మా ఆవిడ నోరు కాస్త పెద్దదిలెండి" అని అతడు నవ్వినప్పుడు, మర్యాద కోసం కార్యకర్త కూడా నవ్వితే, ఆ ఒక్క నవ్వుతో ఇద్దరు మగవాళ్ళు ఒక పక్షమైపోయారు. దీనిని నివారించడానికి కార్యకర్త పనిని పై అనుభవజ్ఞులు క్రమంగా సమీక్షిస్తారు. గోప్యతకు హద్దులుంటాయని పురుషునికి తొలి రోజునే చెబుతారు. అతని మాటలలో ప్రమాద సూచన ఏది కనిపించినా అది స్త్రీ సలహాదారుకు, అవసరమైతే పోలీసులకు చేరుతుంది. కాని ఆమె చెప్పినది ఏదీ అతని చెవిన పడదు. సమాచారం ఒకే దిశలో ప్రవహిస్తుంది. న్యాయమంటే ఇరువైపులా సమానంగా చెప్పడమే కదా అని మన పెద్దలకు ఇది వింతగా తోచవచ్చు. ఇద్దరిలో ఒకరికి మాత్రమే ప్రాణభయం ఉన్నప్పుడు ఆ సమానత్వం ఎవరికి ఉపకరిస్తుందో ఆలోచించాలి.

భార్యాభర్తలను ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం ఈ పద్ధతిలో నిషిద్ధం. అతని ఎదుట ఆమె నిజం చెబితే ఇంటికి వెళ్ళాక దానికి మూల్యం చెల్లించాలి, చెప్పకపోతే ఆ సమావేశమే వృథా. మరొక జాగ్రత్త, అతడు వస్తున్నాడన్న కారణంగా ఆమెకు ఏ హామీ ఇవ్వరు. "నేను ఆ కోర్సు చేస్తున్నాను కదా, ఇంకేం కావాలి?" అని పిల్లలను చూసే హక్కు కోసమో, ఆమె తిరిగి రావడం కోసమో బేరమాడేవారు లేకపోలేదు. పశ్చాత్తాపం మాటలు కంఠతా వచ్చేస్తాయి. అవి ఎంత శుద్ధంగా పలికితే అంత అనుమానించవలసి ఉంటుంది.

ఫలితాల విషయానికి వద్దాం. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డ్రైవ్ పథకం తొలి మూడేళ్ళను పరిశీలించి 2020లో నివేదిక వెలువరించారు. 506 మంది పురుషులు ఆ పరిశీలనలో ఉన్నారు. ఒక్కొక్కరి మీద దాదాపు పది నెలల కృషి జరిగింది. కార్యకర్తల అంచనా ప్రకారం, శారీరక హింసకు పాల్పడేవారి సంఖ్య 82 శాతం, లైంగిక హింసకు పాల్పడేవారి సంఖ్య 88 శాతం, వెంటాడి వేధించేవారి సంఖ్య 75 శాతం, అసూయతో అదుపులో పెట్టేవారి సంఖ్య 73 శాతం తగ్గాయి. ఇవి ఉత్సాహపరిచే అంకెలే. అయినా రెండు సంగతులు మరువరాదు. ఈ అంచనా వేసినవారు ఆ పని చేసినవారే. పోతే, పురుషునితో ఏ కృషీ జరగకుండా స్త్రీకి మాత్రమే సలహాదారు ఉన్న కుటుంబాలలో కూడా హింస కొంత తగ్గింది. డ్రైవ్ ఉన్నచోట మరింత ఎక్కువ తగ్గింది. అంటే స్త్రీకి దొరికిన అండ కూడా ఆ ఫలితంలో భాగస్వామి.

అంతకు ముందు, 2015లో, బృంద తరగతుల మీద డరమ్, లండన్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయాల వారి "మిరాబల్" పరిశోధన వెలువడింది. అందులోని సర్వేలో ఆ పురుషుల భార్యలను, మాజీ భార్యలను అడిగారు. ఆరంభంలో తమకు శారీరక గాయాలయ్యాయని చెప్పినవారు 61 శాతం, ఏడాది తరువాత 2 శాతం. కాని ఆధిపత్యం, నిఘా, డబ్బు మీద పెత్తనం వంటివి అంతగా తగ్గలేదు. నా దృష్టిలో ఈ రెండవ అంశమే ఎక్కువ విలువైనది. చెయ్యి ఆగుతుంది, పట్టు సడలదు. దెబ్బలు ఆగాయి గదా అని మనం పండుగ చేసుకునే సమయానికి ఆమె ఇంకా ఇంటి ఖర్చుకు పది రూపాయలు అడగడానికి భయపడుతూనే ఉండవచ్చు.

ఇప్పుడు మన ధర్మశాస్త్ర వైపు తిరిగి చూద్దాం. ఈ విదేశీ పద్ధతిలోని ముఖ్యాంశాలు మనకు అపరిచితమైనవేమీ కావు. ఇమామ్ నవవీ "రియాజుస్సాలిహీన్"లో తౌబాకు షరతులు పేర్కొన్నారు. పాపం మానివేయాలి, దానికి చింతించాలి, తిరిగి చేయనని నిశ్చయించుకోవాలి. ఆ పాపం మరొక మనిషి హక్కుకు సంబంధించినదైతే నాలుగో షరతు కూడా ఉంది, ఆ హక్కును హక్కుదారుకు తీర్చాలి. భర్త మసీదులో కన్నీరు కార్చినంత మాత్రాన ఈ నాలుగో షరతు తీరదు. తీరిందో లేదో చెప్పగలిగినది అతడు కాదు, ఆమె.

మాలికీ ధర్మవేత్తల పద్ధతి మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. పద్నాలుగో శతాబ్దికి చెందిన ఖలీల్ "ముఖ్తసర్"లో, భర్త బాధపెడుతున్నాడని భార్య ఫిర్యాదు చేసి నిజం తేలనప్పుడు, ఖాజీ ఆ దంపతులను సజ్జనుల ఇరుగుపొరుగున నివసింపజేయాలని ఉంది. ఎందుకు? భర్త మాట మీద ఆధారపడకుండా బయటి కళ్ళతో చూడటానికి. దౌర్జన్యం భర్తదేనని తేలితే అతణ్ణి మందలించి అదుపు చేసే బాధ్యత పాలకునిదే గాని భార్య ఓర్పుది కాదు. మన దేశంలో 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం మాలికీ ఫిఖ్హ్ సహాయంతోనే వచ్చింది. తరచుగా కొట్టడమే కాక, శారీరక హింస స్థాయికి చేరని క్రూర ప్రవర్తనతో భార్య బ్రతుకును దుర్భరం చేయడం కూడా విడాకులకు కారణమని ఆ చట్టం ఆనాడే అంగీకరించింది.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. దివ్యఖుర్ఆన్ నిసా అధ్యాయంలోని 35వ ఆయతు ఇరు కుటుంబాల నుండి చెరొక మధ్యవర్తిని నియమించమంటున్నది కదా, మరి ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయడం తప్పెలా అవుతుంది? ఆ ఆయతు ప్రస్తావించినది దంపతుల మధ్య చీలిక భయాన్ని. ఇరువైపులా మాట్లాడవలసినది ఉన్న తగాదా అది. ఒకరు కొట్టి మరొకరు దెబ్బలు తినే స్థితి తగాదా కాదు, జుల్మ్. దాన్ని తగాదాగా భావించి మధ్యవర్తిత్వానికి కూర్చుంటే దెబ్బకు ధర నిర్ణయించే బేరం అవుతుంది. అంతేకాక మాలికీలు ఈ మధ్యవర్తులకు తీర్పు చెప్పే అధికారం కూడా ఉందన్నారు, దంపతులను విడదీసే అధికారంతో సహా. ఎలాగైనా కలిపి పంపడమే వారి పని అనుకోవడం మన అలవాటు మాత్రమే.

ఆ ముందరి ఆయతును తెచ్చి చూపే భర్తలు కూడా ఉంటారు. దాని వ్యాఖ్యానాల చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. తాబయీలలో మక్కా ధర్మవేత్త అతా బిన్ అబీ రబాహ్ భర్త కొట్టకూడదు, అసంతృప్తి మాత్రమే వ్యక్తం చేయాలన్న అభిప్రాయం వెలిబుచ్చారని, ఇబ్నుల్ అరబీ దానిని మెచ్చుకున్నారని గుర్తుచేస్తే చాలు. దైవప్రవక్త (స) తన జీవితంలో ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట ముస్లిం సంకలనంలో ఉంది. కార్యకర్త ఆ భర్తను అడగవలసిన ప్రశ్న మాత్రం వేరు. ఆ ఆయతు మీకు చెయ్యి ఎత్తక ముందు గుర్తుకు వచ్చిందా, ఎత్తిన తరువాతనా?

మన రాష్ట్రాల పరిస్థితి చూద్దాం. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18 నుండి 49 ఏళ్ళ లోపు వివాహిత స్త్రీలలో భర్త హింసకు గురైనవారు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఏదో ఒక కారణం చేత భర్త కొట్టడం సమంజసమేనని చెప్పిన స్త్రీలు రెండు రాష్ట్రాలలోనూ దాదాపు 84 శాతం. ఇది ఒక్క మతానికి, ఒక్క కులానికి చెందిన లెక్క కాదు.

చట్టం లేక కాదు. గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉంది. దాని 14వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఇరువురిలో ఒక్కరినైనా, ఇద్దరినైనా కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అంటే పురుషుణ్ణి ఒంటరిగా పంపే మార్గం చట్టంలోనే ఉంది. 2006 నాటి నియమావళిలోని 14వ నియమం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. తాను చేసిన హింసకు సమర్థన చెప్పుకోవడానికి పురుషుణ్ణి అనుమతించకూడదని, ఆ సంగతి మొదలుపెట్టక ముందే అతనికి తెలపాలని అందులో ఉంది. హింస తిరిగి జరగదన్న హామీ పొందడమే ఈ కృషి ఉద్దేశ్యమని, ఆమె కోరినప్పుడే రాజీకి ప్రయత్నించాలని కూడా ఉంది. ఇరుపక్షాల బంధువులు, ఆ వ్యవహారంలో ఆసక్తి ఉన్నవారు సామాన్యంగా సలహాదారులు కారాదని 13వ నియమం చెబుతున్నది. ఇంత మంచి నియమం ఉండగా, ఆచరణలో కౌన్సెలింగ్ అంటే ఇద్దరినీ బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టి, "నువ్వు కాస్త సర్దుకో అమ్మా, నువ్వు చెయ్యి చేసుకోకు బాబూ" అని కాగితం మీద సంతకాలు తీసుకోవడమేనని ఎందరో భావిస్తున్నారు. ఆ ఒక్క వాక్యంలో ఆమె సర్దుబాటూ అతని దెబ్బా ఒకే తూకంలో పడ్డాయి. హామీ పత్రం రాసినవాడు మరుసటి నెలలో ఏం చేస్తున్నాడో చూడటానికి ఎవరూ వెళ్ళరు.

మసీదు కమిటీలు, దారుల్ ఖజాలు, ఊరి పెద్దలు ఈ పనిని రేపటి నుండే చేపట్టగలరని చెప్పడం నా అభిప్రాయం కాదు. శిక్షణ లేని ముఖాముఖి, శిక్షణ లేని శస్త్రచికిత్స వంటిది. కాని కొన్ని మార్పులకు ఏ శిక్షణా అక్కరలేదు. ఫిర్యాదు తెచ్చిన స్త్రీని విడిగా కలవడం, ఆమెతో మాట్లాడేందుకు ఒక స్త్రీని ఏర్పాటు చేయడం, ఆమె చెప్పినది భర్తకు చేరవేయకపోవడం, "అతడు మారాడు" అని పెద్దలు పూచీ పడకపోవడం, గొంతు నులిమాడని గాని చంపుతానన్నాడని గాని ఆమె చెబితే సయోధ్య మాట కట్టిపెట్టి వెంటనే పోలీసులను, రక్షణాధికారిని ఆశ్రయించడం. భర్తతో మాట్లాడే వ్యక్తి మాత్రం అతని మేనమామ, బావమరిది వంటివాడు కారాదు.

ఏ సంస్థ అయినా ఈ కృషికి పూనుకుని, ఒక్కరికి మాత్రమే జీతం ఇవ్వగల స్థితిలో ఉంటే ఆ జీతం స్త్రీ పక్షాన నిలిచే సలహాదారుకే వెళ్ళాలి. రెండవ జీతం సమకూరిన తరువాతనే పురుషునితో కూర్చునే మనిషిని నియమించాలి. బ్రిటన్‌లో ఆశ్రయ గృహాలు, స్త్రీల సలహాదారులు, అధికారుల సమావేశాలు ముందు వచ్చాయి. ఆ ఏర్పాట్లు నిలబడిన తరువాతే 2016లో డ్రైవ్ కార్యకర్త అత్యంత ప్రమాదకరమైన పురుషుని తలుపు తట్టగలిగాడు.